మన గుడ్డ మీద, మన జరీతో కుట్టి చూపించాకే బయానా ఇవ్వాలి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారములు.

గత రెండు నెలలుగా మా వీధిలో ఉదయాన్నే పడే దినపత్రికల మడతల్లో కంప్యూటర్ ఎంబ్రాయిడరీ యంత్రాల కరపత్రాలు తరచుగా కనిపిస్తున్నాయి. ఇంట్లోనే కూర్చుని సంపాదించవచ్చుననీ, నిమిషానికి 1200 కుట్లు పడతాయనీ, ఫోనులో ఉన్న బొమ్మను పెడితే యంత్రమే కుట్టేస్తుందనీ, మగ్గం వర్కు అంతా ఇక దీనితోనే అయిపోతుందనీ వాటిలో రాస్తున్నారు. నేను కావలిలో పద్దెనిమిదేళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. మూడేళ్ల కిందట ఇలాంటి కరపత్రమే పట్టుకుని వెళ్లి 4,20,000 రూపాయలకు యంత్రం కొన్నాను. యంత్రం చెడ్డదని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఈరోజు మా ఇల్లు గడుస్తున్నది దాని మీదనే. అయితే మా చుట్టుపక్కల ఊళ్ల నుంచి డ్వాక్రా సంఘాల చెల్లెళ్లు వారానికి ఒకరిద్దరైనా వచ్చి "అక్కా, ఏ యంత్రం కొనాలి" అని అడుగుతున్నారు. వారికి చెబుతున్న మాటలు మీ పత్రిక ద్వారా మరికొందరికి అందితే, నేను కట్టిన మూల్యం వారు కట్టనక్కర్లేదని ఆశిస్తున్నాను.

మేము యంత్రం చూడటానికి వెళ్లిన రోజున దుకాణంవారు తెల్లటి మందపాటి ఫెల్టు గుడ్డ బిగించి, పాలిస్టర్ దారంతో ఒక నెమలి బొమ్మను కుట్టి చూపించారు. ఒక్కసారి కూడా దారం తెగకుండా నెమలి పూర్తయింది. నేనూ, మా ఆయనా అక్కడే బయానా ఇచ్చేశాము. ఫెల్టు గుడ్డ సాగదు, ముడతపడదు. పాలిస్టర్ దారం అంత సులభంగా తెగదు. ఆ రెండూ ఉంటే ఏ యంత్రమైనా చక్కగానే కుడుతుందన్న సంగతి నాకు అప్పుడు తెలియదు. మన దగ్గరకు వచ్చేవి చీరతో వచ్చిన పట్టు జాకెట్టు ముక్కలు, రాసిల్కు, నెట్టు, జార్జెట్టు. వాటి మీద పడవలసింది ఎక్కువగా జరీ దారం.

యంత్రం ఇంటికి వచ్చిన నెలలోపే శ్రావణ మాసం వచ్చింది. ఉలవపాడు నుంచి ఒక పెళ్లివారు మెరూన్ రంగు పట్టు ముక్క ఇచ్చారు. వెనుక మెడ చుట్టూ మామిడి పిందెల వరస, చేతులకు అంచు. దుకాణంవారు పెట్టి ఇచ్చిన వేగంలోనే, అంటే నిమిషానికి 850 కుట్ల వేగంలోనే నడిపాను. ఆరో పిందె దగ్గర చప్పుడు మారింది. అంతవరకు టకటకమని సాగుతున్నది కాస్తా దబదబమని గుద్దినట్టు వినిపించింది. ఆపి, గుడ్డ బిగించిన ఫ్రేము తీయబోతే రాలేదు. కింద పళ్లెం దగ్గర దారం ఉండకట్టి, గుడ్డను లోపలికి లాగేసుకుంది. చిన్న కత్తెరతో ఒక్కొక్క పోగే కోసుకుంటూ తీసేసరికి రూపాయి కాసంత చిరుగు మిగిలింది. పెళ్లికూతురి తల్లి ఆ ముక్కను చేతిలోకి తీసుకుని, చిరుగును లోపలికి మడిచి కుట్టేస్తే కనపడకుండా పోతుందేమోనని వేలితో కొలిచి చూసింది. మెడకు సరిగ్గా మధ్యలో ఉన్నది ఎలా మడిచినా కనపడుతుంది. ఆ రంగు పట్టు కోసం నెల్లూరు పెద్దబజారంతా తిరిగి, దగ్గరి రంగు తెచ్చి, కూలి తీసుకోకుండా మగ్గం మీద చేతితో కుట్టించి ఇచ్చాము.

తప్పు ఎక్కడుందో ఒంగోలులో కుట్టుమిషన్లు బాగుచేసే ఒక పెద్దాయన చెప్పారు. యంత్రంతోపాటు వచ్చినవి 11 నంబరు సూదులు. జరీకి కన్ను పెద్దగా ఉండే 14 నంబరు సూది వేయాలి, లేకపోతే కన్నులోనే ఒరిసి జరీ పొర విడిపోతుంది. జరీతో కుట్టేటప్పుడు వేగం 500, 550 దాటకూడదు. పైదారం బిగువు తగ్గించాలి. పట్టు ముక్క కింద బ్యాకింగ్ పేపరు రెండు పొరలు వేయాలి. జరీ ఉండ నుంచి దారం మెలిపడకుండా విడివడేలా స్టాండు సరిచేసుకోవాలి. ఈ మాటలన్నీ ఆయన పది నిమిషాల్లో చెప్పేశారు. లక్షలు తీసుకుని యంత్రం అమ్మినవారు రెండు రోజుల శిక్షణలో మీటలు నొక్కడం నేర్పారు గానీ వీటిలో ఒక్కటీ చెప్పలేదు. ఏమి అడగాలో తెలియక నేనూ అడగలేదు.

అందుకే నా దగ్గరకు వచ్చేవారికి మొదట చెప్పేది ఇది: యంత్రం చూడటానికి వెళ్లేటప్పుడు ఒక మీటరు పట్టు ముక్క, ఒక మీటరు నెట్టు, మీరు ఎప్పుడూ వాడే జరీ ఉండ సంచిలో పెట్టుకుని వెళ్లండి. పువ్వో, పేరో కాకుండా పూర్తి జాకెట్టు డిజైను కుట్టించండి. రెండు గంటలు పట్టినా కుర్చీ వేసుకుని పక్కనే కూర్చుని, దారం ఎన్నిసార్లు తెగిందో కాగితం మీద గీతలు పెట్టుకోండి. తరువాత గుడ్డను తిరగేసి చూడండి. నిండుగా కుట్టిన చోట అడుగున తెల్లటి బాబిన్ దారం మధ్యలో మూడో వంతు మేర కనిపించి, రెండు వైపులా పైదారం ఉంటే బిగువు సరిగా ఉన్నట్టు. కుట్టు సగంలో ఉండగా కరెంటు స్విచ్చి ఆపించి, మళ్లీ వేయించండి. ఆగిన చోటనే, వెంట్రుకవాసి తేడా లేకుండా అందుకుంటున్నదా లేదా చూడండి. వేసవిలో రోజుకు ఎన్నిసార్లు కరెంటు పోయి వస్తుందో మన జిల్లాల వారికి చెప్పనవసరం లేదు. ఇదంతా చేయనివ్వడానికి వ్యాపారి విసుక్కుంటే, అమ్మిన తరువాత ఆయన మన ఫోను ఎత్తుతారని నమ్మడం కష్టం.

వేగం గురించి కరపత్రాల్లో రాసే అంకెకు మన సంపాదనకు సంబంధం చాలా తక్కువ. 45,000 కుట్ల జాకెట్టు డిజైను నిమిషానికి 1200 చొప్పున ముప్పై ఎనిమిది నిమిషాల్లో అయిపోవాలి. జరీతో 550లో నడిపితే కుట్టు ఒక్కదానికే గంటా ఇరవై నిమిషాలు దాటుతుంది. ఫ్రేము బిగించడం, దారం తెగితే ఎక్కించడం, మధ్యలో బాబిన్ మార్చడం, చివరికి దారాలు కత్తిరించడం కలిపితే రెండు గంటలు. ఉదయం తొమ్మిదికి మొదలుపెడితే సాయంత్రం ఆరుకు నాలుగు జాకెట్లు. అదీ వంట, పిల్లలు మరొకరు చూసుకుంటే. లాభం లెక్క వేసుకునేవారు ఈ నాలుగు మీద వేసుకోవాలి. ఆ నాలుగూ ఏడాది పొడవునా వస్తాయనుకోవడం కూడా పొరపాటే. ఆషాఢంలోనూ, మూఢం ఉన్న రోజుల్లోనూ మా దుకాణం ముందు ఎవరూ ఆగరు. బ్యాంకు వాయిదాకు మాత్రం ఆషాఢం లేదు.

ఫ్రేము కొలత దగ్గర నేను మరొక తప్పు చేశాను. నేను కొన్న యంత్రం కుట్టగల వెడల్పు 400 మిల్లీమీటర్లు, అంటే పదహారు అంగుళాలకు కాస్త తక్కువ. అంచుల్లో ఫ్రేము బిగింపుకు పోగా నిజంగా కుట్టడానికి మిగిలేది ఇంకా తక్కువ. ఒళ్లున్నవారి బోటు నెక్కు జాకెట్టుకు వెనుక భాగం ఒక్క ఫ్రేములో పట్టదు. రెండుసార్లు బిగించాలి, రెండోసారి బిగించినప్పుడు పువ్వు పువ్వుకూ కలవకపోతే కొనేవారి కళ్లు మొదట అక్కడికే పోతాయి. 1200 మిల్లీమీటర్ల పొడవు కుట్టే యంత్రమైతే నలభై ఏడు అంగుళాల గుడ్డ ఒకేసారి బిగించి, వెనుక భాగం, రెండు చేతులు వరసగా కుట్టుకోవచ్చు, లంగా అంచులు కూడా తక్కువ సార్లలో అవుతాయి. ధర ఎక్కువే. అయినా జాకెట్ల పని కోసమే కొనేవారు సూదుల సంఖ్య కన్నా ముందు ఈ కొలత చూడాలని నా అభిప్రాయం. సూదికి ఒక రంగు చొప్పున పదిహేను సూదులున్నా ఒక జాకెట్టుకు మనం వాడే రంగులు నాలుగో, ఐదో.

మగ్గం వర్కు అంతా యంత్రం చేసేస్తుందన్న మాట కూడా నిజం కాదు. మగ్గం మీద ఆరీ సూది కొక్కెంలా ఉండి, దారాన్ని గొలుసు కుట్టుగా పైకి లాగుతుంది. మనం కొనే మామూలు యంత్రం పైదారాన్ని అడుగున బాబిన్ దారంతో ముడివేసే కుట్టు వేస్తుంది. రెండింటి మెరుపూ, ఎత్తూ వేరు. చెమ్కీలు కుట్టడానికి అదనపు పరికరం పెట్టుకోవచ్చు గానీ, కుందన్లు, జర్దోసీ చుట్టలు మళ్లీ చేతితో వేయవలసిందే. మా దగ్గర ఇప్పుడు యంత్రం జరీ పని కుడుతుంది, ఆపైన ఇద్దరు పనివాళ్లు మగ్గం మీద పూసలు, కుందన్లు వేస్తారు. యంత్రం వస్తే మగ్గం వాళ్లు పోతారని భయపెట్టేవారూ, మగ్గం వాళ్లతో పనే ఉండదని ఆశపెట్టేవారూ ఒకసారి మా షెడ్డుకు వచ్చి చూడాలి.

ఫోనులోని బొమ్మ సంగతి. యంత్రం బొమ్మను చదవలేదు. ప్రతి కుట్టు ఎక్కడ పడాలో, ఏ వైపు వాలాలో, ఎక్కడ దారం తెంపాలో చెప్పే ఫైలు దానికి కావాలి. దాన్నే పంచింగ్ అంటాము. ఎక్కువగా డీఎస్‌టీ రకం ఫైలు పెన్‌డ్రైవులో వేసి యంత్రానికి పెడతాము. పంచింగ్ ఒక విద్య. మంచి పంచింగ్ చేసినవారి డిజైను పట్టు మీద ముడత పడకుండా కూర్చుంటుంది, చెత్త పంచింగ్ ఎంత ఖరీదైన యంత్రం మీదైనా గుడ్డను గుంజేస్తుంది. కొనుగోలుతో ఉచితంగా ఇచ్చే వేల డిజైన్లలో పనికివచ్చేవి కొన్నే. కొందరు లైసెన్సు లేని సాఫ్ట్‌వేరు ల్యాప్‌టాప్‌లో ఎక్కించి ఇచ్చి అదే ఉచిత బహుమతి అంటున్నారు. అది మొరాయించిన రోజున అడగడానికి ఎవరూ ఉండరు. ఇంట్లో చదువుకున్న పిల్లలెవరైనా ఉంటే యంత్రం కొనకముందే వారికి పంచింగ్ నేర్పించడం మంచిది. మా అమ్మాయి డిగ్రీ చదువుతూ నేర్చుకున్నది. డిజైనుకింత అని బయటివారికి ఇచ్చిన డబ్బు ఆ తరువాతనే ఇంట్లో నిలిచింది.

రెండు హెడ్లది కొనమంటారా, నాలుగు హెడ్లది కొనమంటారా అని కూడా అడుగుతున్నారు. హెడ్డు అంటే సూదులు ఉండి కుట్టే భాగం. హెడ్లు ఎన్ని ఉన్నా అన్నీ ఒకేసారి ఒకే డిజైను కుడతాయి, మామూలుగా ఒక హెడ్డు దగ్గర దారం తెగితే మిగతావీ ఆగుతాయి. జాకెట్ల పనిలో ఒకరికి కుట్టినది మరొకరు కుట్టించుకోరు కాబట్టి సింగిల్ హెడ్డే మేలు. పని పెరిగితే రెండో సింగిల్ హెడ్ కొనుక్కుంటే, ఒకటి చెడిపోయినా రెండోది నడుస్తుంది. పాఠశాలల బ్యాడ్జీలు, రొయ్యల కంపెనీల సిబ్బంది చొక్కాలు వంటివి వందల లెక్కన ముందే ఒప్పుకున్నవారికి మాత్రమే ఎక్కువ హెడ్లు గిట్టుబాటు. టీషర్టుల మీద పేర్లు, గుర్తులు వేయడానికే అయితే అసలు ఎంబ్రాయిడరీ అక్కర్లేదు, చేతితో నడిపే స్క్రీన్ ప్రింటింగ్ బల్లతో తక్కువ పెట్టుబడిలో మొదలుపెట్టవచ్చు. ఆ ముద్రణకు వాడే ప్లాస్టిసాల్ రంగు సుమారు 160 డిగ్రీల వేడి తగిలితేనే పట్టుకుంటుందని మరవకూడదు. ఎండలో ఆరబెట్టి ఇస్తే నాలుగు ఉతుకులకే పగిలి ఊడిపోతుంది.

ఇక అన్నింటికన్నా నన్ను బాధపెట్టిన విషయం, మరమ్మతు. రెండో ఏడు మాఘ మాసంలో, చేతిలో పద్నాలుగు పెళ్లి జాకెట్లు ఉండగా, సూదీ, అడుగున దారాన్ని పట్టే హుక్కూ కలవవలసిన సమయం తప్పి కుట్లు పడటం మానేశాయి. వ్యాపారికి ఫోను చేస్తే మనిషి వేరే రాష్ట్రంలో ఉన్నాడన్నారు. ఈరోజు, రేపు అంటూ పదకొండు రోజులు గడిచాయి. వచ్చినాయన మరచుట్టు తిప్పి, హుక్కును కాస్త జరిపి, నలభై నిమిషాల్లో సరిచేశారు. రానుపోను చార్జీలు, బస, ఆయన కూలి కలిపి 6,500 తీసుకున్నారు. మూడేళ్ల వారంటీ ఉంది కదా అంటే, అది మోటారుకు, బోర్డుకు మాత్రమేననీ, మనిషి రావడానికి కాదనీ చెప్పారు. కార్డు తీసి చూస్తే నిజమే. వెనుక వైపు చిన్న అక్షరాల్లో ఉంది. ఆ పదకొండు రోజుల్లో పద్నాలుగు జాకెట్లలో తొమ్మిది వెనక్కి ఇచ్చేశాము. ఇప్పుడు హుక్కు జరపడం మా ఆయన నేర్చుకున్నారు. ఒక హుక్కు, రెండు పొట్లాల సూదులు, పైకత్తి, కింది కత్తి అదనంగా ఇంట్లో ఉంచుకుంటున్నాము.

కొనేవారు ధర బేరం ఆడటానికి ముందు ఈ బేరం ఆడాలి: కాల్ చేసిన ఎన్ని గంటల్లో మనిషి వస్తారు, ఎక్కడి నుంచి వస్తారు, మొదటి ఏడాది ఆ రాకకు డబ్బు ఉందా లేదా, హుక్కు, కత్తులు, బెల్టులు ఏ ధరకు ఇస్తారు, శిక్షణ ఎన్ని రోజులు, అందులో జరీ పని ఉందా. వీటిని నోటిమాటగా కాకుండా కొటేషను మీదనే రాయించుకుని సంతకం, ముద్ర వేయించుకోవాలి. అదే యంత్రం మన జిల్లాలో ఎవరి దగ్గర ఉందో అడిగి, రెండేళ్లు వాడినవారి ఇంటికి వెళ్లి, వ్యాపారి పక్కన లేకుండా మాట్లాడాలి. నెల్లూరులో మనిషి ఉన్న సాధారణ యంత్రం, ఎక్కడో సూరత్‌లో మాత్రమే మనిషి ఉన్న గొప్ప యంత్రం కన్నా నాకు ఎక్కువ. సముద్రానికి దగ్గరగా ఉన్న మన ఊళ్లలో ఉప్పు గాలికి సూది కడ్డీలు తుప్పు పడతాయి. రోజూ పని మొదలుపెట్టే ముందు హుక్కుకు ఒక చుక్క నూనె, రాత్రి గుడ్డ కప్పడం తప్పవు. స్టెబిలైజరు, సరైన ఎర్తింగు లేకుండా బోర్డు కాలిపోతే ఏ వారంటీ వర్తించదని కూడా ఆ చిన్న అక్షరాల్లోనే ఉంటుంది.

అప్పు గురించి ఒక్క విషయం చెప్పాలి, ఎందుకంటే ఇందులో నేను లక్ష రూపాయలు పోగొట్టుకున్నాను. ప్రధానమంత్రి ఉపాధి కల్పన కార్యక్రమంలో మహిళలకు పట్టణాల్లో 25 శాతం, గ్రామాల్లో 35 శాతం రాయితీ ఉంటుంది. మన వాటా 5 శాతం పెట్టుకుంటే చాలు. కానీ అది కొత్తగా పెట్టబోయే యూనిట్లకే. దరఖాస్తు చేసి, మంజూరయ్యాక యంత్రం కొనాలి. నేను ముందు మామూలు అప్పు మీద కొనేసి, తరువాత జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్లాను. అక్కడివారు నిబంధన చూపించి, మర్యాదగానే, వీలుకాదన్నారు. 3,50,000 అప్పుకు ఐదేళ్లపాటు నెలకు 7,600 చిల్లర కడుతున్నాను. మరొకటి, రాయితీ సొమ్ము చేతికి రాదు. మూడేళ్లపాటు బ్యాంకులోనే డిపాజిట్టుగా ఉండి, యూనిట్టు నడుస్తున్నట్టు తేలాక అప్పులో జమ అవుతుంది. కొందరు వ్యాపారులు రాయితీ పోగా ధర ఇంతే అని చెప్పి, మొదటి నెల నుంచే ఆ లెక్కన వాయిదా ఉంటుందన్న భ్రమ కలిగిస్తున్నారు.

మోసపోయినవారు ఊరుకోవలసిన పని లేదు. వ్యాపారం కోసం కొన్న వస్తువుకు వినియోగదారుల చట్టం వర్తించదని మాకు ఒకరు చెప్పి వెనక్కి పంపారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో, స్వయం ఉపాధి ద్వారా బతుకుతెరువు కోసమే కొని తానే వాడుకునే వ్యక్తి వినియోగదారుడే అని స్పష్టంగా ఉంది. వ్యాపారి ఏ రాష్ట్రంలో ఉన్నా, మనం నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. 5 లక్షల రూపాయల లోపు కొనుగోలుకు రుసుము లేదు. గడువు రెండేళ్లు. నాకు ఈ సంగతి తెలిసేసరికి ఆ గడువు దాటిపోయింది. జీఎస్టీ బిల్లు లేకుండా తక్కువకు ఇస్తామంటే ఒప్పుకోవద్దని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇదే. బిల్లు లేనివారు కమిషన్ మెట్లెక్కి ఏమి చూపించగలరు?

సంపాదకుల ద్వారా నెల్లూరు, ప్రకాశం జిల్లాల అధికారులకు, బ్యాంకుల వారికి ఒక విన్నపం. బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో కుట్టు శిక్షణతోపాటు ఒక కంప్యూటర్ ఎంబ్రాయిడరీ యంత్రం పెట్టి, అప్పు కోరే మహిళ వారం రోజులైనా దాని మీద తన చేతితో జరీ ఎక్కించి, దారం తెగితే అతికించి, సూది మార్చి చూసుకునే అవకాశం కల్పించాలి. అప్పు మంజూరు చేసే మేనేజర్లు కొటేషనులో ధరతోపాటు మరమ్మతు షరతులు రాసి ఉన్నాయా అని చూడాలి. కరపత్రాలు పంచుకునే హక్కు వ్యాపారులకు ఉంది, కాదనను; నిమిషానికి 1200 అన్న పెద్ద అక్షరాల పక్కనే జరీతో ఎంత వేగమో కూడా వేయమని మీరు వారిని కోరితే ఎంతోమందికి మేలు జరుగుతుంది.

కావలి చుట్టుపక్కల నుంచి యంత్రం కొనబోయే చెల్లెళ్లు ఎవరైనా మా దగ్గరకు తమ గుడ్డ, తమ జరీ తెచ్చుకుని ఒక రోజంతా నా పక్కన కూర్చోవచ్చు. డబ్బేమీ తీసుకోను. శ్రావణం రద్దీ మొదలయ్యేలోపు వస్తే నింపాదిగా చూపించగలను. చిరిగిన ఆ మెరూన్ ముక్కను ఇంకా దాచి ఉంచాను. ముందు అది చూపించి, ఆ తరువాత యంత్రం ఆన్ చేస్తాను.

భవదీయురాలు,
ఒక కుట్టు కేంద్రం నిర్వాహకురాలు,
కావలి, నెల్లూరు జిల్లా.